కుక్క కడుపుతో ఉందా? తేదీ రాసుకున్న రోజు నుంచి పిల్లలు కళ్లు తెరిచేదాకా

ఇంట్లో ఆడకుక్క జత కట్టిందని తెలిస్తే చాలు, ఇంటిల్లిపాదీ దాని పొట్టనే చూస్తుంటారు. పొట్ట పెరిగితే కడుపుతో ఉందంటారు, పెరగకపోతే లేదంటారు. ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది. కడుపు లేకుండానే పొట్ట పెరిగి, చన్నుల్లో పాలు పడే కుక్కలున్నాయి. గర్భసంచిలో చీము నిండి పొట్ట ఉబ్బితే పిల్లలని మురిసిపోయి, ప్రాణం మీదికి వచ్చాక దవాఖానకు మోసుకొచ్చేవాళ్లున్నారు. కడుపుతో ఉన్నా ఏడో వారం దాకా బయటపడని కుక్కలూ ఉన్నాయి.

పొట్టను కాదు, జత కట్టిన తేదీని నమ్మండి. ఆ తేదీ పట్టుకుని సరైన రోజున చేయించే పరీక్షను నమ్మండి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో మొదటిసారి ఆడకుక్కను పెంచుతున్నవాళ్లు ఏ రోజున ఏం చేయాలో వరసగా చెబుతాను. లాబ్రడారైనా, పమేరియనైనా, వాకిట్లో పెరిగే నాటు కుక్కైనా పద్ధతి ఒక్కటే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

గోడ క్యాలెండరు, డిజిటల్ థర్మామీటరు, చిన్న కుక్కపిల్లలను తూచగల కాటా, చేతి తొడుగులు, శుభ్రమైన పాత గుడ్డలు, టీకాల కార్డు. వీటితో పాటు రాత్రిపూట కూడా ఫోన్ ఎత్తే పశువైద్యుడి నంబరు ఒకటి.

1. ముందు తేదీ రాసుకోండి

ఆడకుక్క సాధారణంగా ఆరేడు నెలలకోసారి ఎదకు వస్తుంది. మొదట మానం ఉబ్బి, రక్తపు చుక్కలు పడతాయి. ఇది సుమారు తొమ్మిది రోజులు. ఆ రోజుల్లో మగకుక్కలు వెంటపడినా దగ్గరికి రానివ్వదు. తర్వాత రక్తం రంగు పలచబడుతుంది, తోక పక్కకు పెట్టి నిలబడుతుంది. ఈ దశ కూడా దాదాపు తొమ్మిది రోజులే. ఒక్కో కుక్కలో ఈ రోజులు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

జత కట్టాక రెండూ కొన్ని నిమిషాల నుంచి అరగంట దాకా అతుక్కుని ఉంటాయి. రాళ్లు వేయడం, నీళ్లు పోయడం, లాగడం చేయకండి. రెండింటికీ గాయాలవుతాయి. మొదటిసారి ఏ రోజు జత కట్టిందో, చివరిసారి ఏ రోజో రెండూ క్యాలెండరు మీద రాయండి.

కడుపు మోసే కాలం అండం విడుదలైన రోజు నుంచి లెక్కిస్తే 63 రోజులు, ఒక రోజు అటూ ఇటూ. జత కట్టిన రోజు నుంచి లెక్కిస్తే మాత్రం 57 నుంచి 72 రోజుల మధ్య ఎప్పుడైనా ఈనవచ్చు. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క ఒంట్లో దాదాపు వారం దాకా బతికి ఉంటాయి. విడుదలైన అండం పక్వానికి రావడానికి మరో రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే ఇంత తేడా.

మన ఊళ్లలో వీధికుక్కలు ఎక్కువగా జత కట్టేది చిత్త కార్తెలో, అంటే అక్టోబరు నడుమ. అక్టోబరు 15న జత కట్టిందనుకుంటే, నవంబరు 12కు 28 రోజులు నిండుతాయి, అది పరీక్షకు మంచి రోజు. డిసెంబరు 9కి 55 రోజులు, ఎక్స్‌రేకు సమయం. డిసెంబరు 17కు 63 రోజులు. పిల్లలు పుట్టేది ఉత్తర తెలంగాణలో చలి ముదిరే రోజుల్లో అన్నమాట. ఈ సంగతి తర్వాత మళ్లీ అవసరపడుతుంది.

ఎద అయిపోయినా వారాల తరబడి రక్తం చుక్కలు పడుతూనే ఉంటే దాన్ని ఎదగా లెక్కించకండి. వీధికుక్కలతో జత కట్టినవాటికి జననాంగంలో ఒక రకం కంతి అంటుకోవచ్చు. మన దేశంలో ఇది బాగా కనిపించే జబ్బు. డాక్టరు చూసి మందు మొదలుపెడితే చాలా వరకు నయమవుతుంది.

2. ఎవరికి చూపించాలో ముందే తేల్చుకోండి

ఈ ప్రాంతానికి కోరుట్ల పశువైద్య కళాశాల ఉండటం పెద్ద వరం. ఉమ్మడి రాష్ట్రంలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద మొదలైన ఈ కళాశాల, ఇప్పుడు పి.వి. నరసింహారావు పేరిట ఉన్న తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. పశువైద్య కళాశాలల్లో విద్యార్థుల చదువు కోసమే చికిత్సాలయం ఉంటుంది. గర్భానికి, ఈతకు సంబంధించిన వైద్యం చెప్పే విభాగమూ ఉంటుంది. జగిత్యాల వాళ్లకు కోరుట్ల మెట్‌పల్లి వెళ్లే దారిలోనే తగులుతుంది. సిరిసిల్ల వాళ్లు వేములవాడ మీదుగా వెళ్లవచ్చు.

జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ పశువుల దవాఖానలున్నాయి. అక్కడికి వచ్చేవాటిలో ఎక్కువ ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలే కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. కుక్కలకు స్కానింగ్ చేస్తారా? ఎక్స్‌రే ఉందా? ఏ వేళల్లో రావాలి? రాత్రి కష్టమొస్తే ఆపరేషన్ ఎక్కడ చేస్తారు? చివరి ప్రశ్నకు జవాబు ఈత ముందు రోజు కాదు, ఇప్పుడే తెలుసుకోవాలి. 1962 నంబరు సంచార వైద్య వాహనాలు ప్రధానంగా పాడి పశువులు, జీవాల కోసం పెట్టినవి. ఈనలేక అవస్థపడుతున్న కుక్కకు వాటి మీదే ఆశ పెట్టుకోకండి.

3. మొదటి నాలుగు వారాలు: ఉన్నట్టే ఉండనివ్వండి

ఈ దశలో తిండి పెంచాల్సిన పని లేదు. రోజూ తినేదే పెట్టండి, రోజూ నడిచినంత నడవనివ్వండి. మూడో వారం తర్వాత కొన్ని కుక్కలు నాలుగైదు రోజులు సరిగా తినవు, ఒకటి రెండుసార్లు కక్కుతాయి. 25 రోజులు దాటాక చన్నుల మొనలు గులాబీ రంగుకు తిరిగి కాస్త ఉబ్బుతాయి. ఇవన్నీ సూచనలే తప్ప రుజువులు కావు. కడుపు లేని కుక్కలోనూ ఇవే కనిపిస్తాయి.

మెడికల్ షాపులో దొరికే మనుషుల ప్రెగ్నెన్సీ కిట్టు కుక్కకు పనికిరాదు. అది పసిగట్టే హార్మోను కుక్క ఒంట్లో తయారవదు. గీత ఒకటి వచ్చినా రెండు వచ్చినా దానికి అర్థం లేదు.

4. నాలుగు వారాలు నిండాక: పరీక్ష

పరీక్షలు నాలుగు రకాలు. ఒక్కోదానికి ఒక్కో అదను ఉంది.

*చేత్తో తడిమి చూడటం.* 25 నుంచి 30 రోజుల మధ్య దీనికి మంచి సమయం. ఆ రోజు పొద్దున కడుపు నిండా తిండి పెట్టకండి, బయల్దేరే ముందు మూత్రానికి తిప్పండి. డాక్టరు కుక్కను నిలబెట్టి, రెండు చేతుల వేళ్లను పొట్టకు చెరోవైపు ఆనించి, మెత్తగా దగ్గరికి తెస్తూ కిందికి జారుస్తారు. కడుపుతో ఉంటే గర్భసంచిలో ఉసిరికాయంత గట్టి ఉబ్బులు ఒకదాని తర్వాత ఒకటి వేళ్లకు తగులుతాయి. 35 రోజులు దాటితే ఈ ఉబ్బులు సాగి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, విడిగా దొరకవు. బాగా లావున్న కుక్కలో, భయంతో పొట్ట బిగబట్టే కుక్కలో ఈ పరీక్ష కష్టం. ఇంట్లో మీరు నొక్కి చూడకండి. తెలియని చేత్తో గట్టిగా నొక్కితే పిండాలకు దెబ్బ తగలవచ్చు.

*స్కానింగ్.* 25 రోజుల తర్వాత చేయించవచ్చు. 28 నుంచి 35 రోజుల మధ్య అయితే స్పష్టంగా కనిపిస్తుంది. మత్తు అక్కర్లేదు. పొట్ట మీద వెంట్రుకలు కొంచెం తీసి, జెల్ రాసి, పరికరం ఆనిస్తారు. తెర మీద నల్లటి గుండ్రని సంచులు, ఒక్కో సంచిలో చిన్న తెల్లని పిండం, దాని నడుమ చకచకా కొట్టుకునే చుక్క కనిపిస్తాయి. ఆ చుక్కే గుండె. ఆరోగ్యంగా ఉన్న పిండం గుండె నిమిషానికి 200 సార్లకు పైగా కొట్టుకుంటుంది. పిల్లలు బతికే ఉన్నాయని కళ్లారా చూపించేది స్కానింగే. అందుకే నాలుగింటిలో ఒక్కటే చేయించగలిగితే దీన్నే ఎంచుకోండి. ఎన్ని పిల్లలున్నాయో మాత్రం ఇది కచ్చితంగా చెప్పలేదు. ఒక పిండం వెనక ఇంకోటి దాగుతుంది, ఒక్కోసారి ఒకే పిండం రెండుసార్లు లెక్కకు వస్తుంది.

*రక్త పరీక్ష.* మాయ నుంచి పుట్టే రిలాక్సిన్ అనే హార్మోనును ఇది పట్టుకుంటుంది. నాలుగు వారాలు నిండాకే నమ్మదగినది. తొందరపడి ముందే చేయిస్తే కడుపుతో ఉన్నా లేదని రావచ్చు. ఈ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు. ప్రొజెస్టరాన్ పరీక్షతో కడుపు తేలదు. ఎద తర్వాత కడుపు ఉన్నా లేకున్నా ఆ హార్మోను రెండు నెలల దాకా ఎక్కువగానే ఉంటుంది.

*ఎక్స్‌రే.* 45 రోజుల తర్వాతే పిల్లల ఎముకల్లో సున్నం చేరి ఎక్స్‌రేలో కనిపిస్తాయి. 55 రోజులు దాటాక తీయిస్తే పుర్రెలు, వెన్నెముకలు లెక్కపెట్టి ఎన్ని పిల్లలో చెప్పవచ్చు. ఈ లెక్క ఈత రోజున ఎంతో పనికొస్తుంది. లోపల ఆరున్నాయని తెలిస్తే, అయిదు పుట్టాక పని అయిపోయిందని లేచిపోరు.

కుక్కకు బాగా అలవాటైన మనిషే వెంట వెళ్లండి. కొత్తచోట, నొప్పితో ఉన్నప్పుడు సాధు కుక్క కూడా కరుస్తుంది. మూతికి మెత్తని పట్టీ తీసుకెళ్లండి. నెలలు నిండిన కుక్కను బైకు మీద ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లకండి, ఆటోలోనో కారులోనో తీసుకెళ్లండి.

5. కడుపు కాదని తేలితే

రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి ఉత్తుత్తి కడుపు. ఎద అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు కుక్క గూడు సర్దుకుంటుంది, చెప్పునో బొమ్మనో పిల్లలా కాపాడుకుంటుంది, పాలు కూడా పడతాయి. హార్మోన్ల మార్పు వల్ల వచ్చేదే తప్ప జబ్బు కాదు. సాధారణంగా రెండు మూడు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. పాలు పిండకండి, పిండితే ఇంకా పడతాయి.

రెండోది ప్రమాదకరం. గర్భసంచిలో చీము పట్టడం. ఎద అయిన నెల రెండు నెలల్లో, ముఖ్యంగా వయసు మళ్లిన కుక్కల్లో వస్తుంది. మామూలు కంటే ఎక్కువ నీళ్లు తాగడం, తిండి మానేయడం, నీరసం, వాంతులు, పొట్ట ఉబ్బడం దీని లక్షణాలు. కొన్నిటికి మానం నుంచి చీము, దుర్వాసన వస్తాయి. కొన్నిటికి ఏమీ బయటికి రాదు, లోపలే నిండుతుంది. అలాంటివాటికే ప్రాణాపాయం ఎక్కువ. ఈ లక్షణాలుంటే ఆ రోజే స్కానింగ్ చేయించండి. చాలాసార్లు గర్భసంచి తీసేయడమే మందు.

6. కడుపుతో ఉందని తేలితే: తిండి, మందులు

అయిదో వారం దాటాక తిండి మెల్లగా పెంచుతూ, ఈనే నాటికి మామూలు కంటే మూడో వంతు నుంచి సగం వరకు ఎక్కువ పెట్టండి. పొట్టలో చోటు తగ్గుతుంది కాబట్టి రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. మన ఇళ్లలో కుక్కకు పెరుగన్నం, పాలన్నమే ఎక్కువ. పిల్లలను మోసే తల్లికి అది చాలదు. ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన కోడి మాంసం కలపండి. కొనగలిగితే కుక్కపిల్లల కోసం అమ్మే దాణా పెట్టండి, దానిలో మాంసకృత్తులు ఎక్కువ. ఉల్లిగడ్డ, చాక్లెట్, ద్రాక్ష, ఉడికించిన కోడి ఎముకలు ఎప్పుడూ పెట్టకూడదు.

మంచిదనుకుని చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కడుపుతో ఉన్నప్పుడు కాల్షియం సిరప్ తాగించడం. బయటి నుంచి కాల్షియం అందుతుంటే, ఎముకల నుంచి తీసుకునే శక్తిని ఒళ్లు తగ్గించుకుంటుంది. ఈనాక పాల కోసం ఒక్కసారిగా కాల్షియం కావాల్సి వచ్చినప్పుడు అందక, తల్లికి వణుకు, ఫిట్స్ వస్తాయి. డాక్టరు చెప్పనిదే కాల్షియం ఇవ్వకండి.

ఏ మందుకైనా ముందు డాక్టరుకు "కడుపుతో ఉంది సార్, ఇన్ని రోజులైంది" అని చెప్పండి. పిడుదు జ్వరానికి వాడే డాక్సీసైక్లిన్, స్టెరాయిడ్లు, నులిపురుగులకు వాడే ఆల్బెండజోల్ వంటివి పిల్లలకు చేటు చేయవచ్చు. మనుషుల నొప్పి మాత్రలు అసలు వద్దు. తల్లి ఒంట్లోని ఏలికపాములు మాయ గుండా పిల్లలకు చేరతాయి. అందుకే కడుపుతో ఉన్నప్పుడు ఇవ్వదగిన నులిపురుగుల మందు డాక్టరే చూసి రాస్తారు. టీకాలు జత కట్టించక ముందే పూర్తయి ఉండాలి. ఇక కడుపు వద్దనుకునేవాళ్లు జత కట్టిన వెంటనే ఏదో హార్మోను ఇంజెక్షన్ వేయించడానికి తొందరపడకండి. అలాంటివి గర్భసంచిలో చీముకు, రక్తం తయారీ దెబ్బతినడానికి దారితీయవచ్చు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి అడగండి.

నెలలు నిండకుండా పిల్లలు పడిపోతే వట్టి చేతులతో ముట్టుకోకండి. బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి కారణమైతే అది మనుషులకూ అంటుతుంది. తొడుగులు వేసుకుని, పడిన పిండాన్ని సంచిలో కట్టి డాక్టరుకు చూపించండి.

7. పురిటి చోటు

ఈతకు పది రోజుల ముందే చోటు ఏర్పాటు చేసి అలవాటు చేయండి. తల్లి కాళ్లు చాపుకుని పడుకోగలిగినంత పెద్ద అట్టపెట్టె, లోపల పాత గుడ్డలు చాలు. జనం తిరగని, చీకటిగా ఉండే మూల మేలు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు ఆనుకుని ఇల్లు ఉన్నవాళ్లు ఆ చప్పుడుకు దూరంగా ఉన్న గదిని ఎంచుకోండి. బెదిరిన తల్లి నొప్పులు ఆపుకుంటుంది. చలికాలమైతే గాలి తగలకుండా చూసి, పెట్టెలో ఒక మూలకు వెచ్చదనం అందేలా బల్బు ఏర్పాటు చేయండి. వేడెక్కితే తల్లి పక్కకు జరిగేందుకు చోటుండాలి.

8. ఈనే రోజు

55వ రోజు నుంచి పొద్దున, సాయంత్రం థర్మామీటరును ఆసనంలో పెట్టి వేడి చూసి రాయండి. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 99 కంటే కిందికి దిగితే సాధారణంగా ఒక రోజులోపు నొప్పులు మొదలవుతాయి. తిండి ముట్టదు, ఆయాసపడుతుంది, గుడ్డలు గీరుతుంది. ఈ దశ ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజంతా పట్టవచ్చు. తర్వాత ముక్కడం మొదలవుతుంది. పిల్లకూ పిల్లకూ మధ్య అరగంట నుంచి గంట సాధారణం.

ప్రతి పిల్ల పుట్టిన సమయం రాయండి. మాయలు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. పొరను తల్లి చించకపోతే మీరు చించి, మూతి తుడిచి, గుడ్డతో రుద్దండి. బొడ్డుతాడును పిల్ల పొట్టకు అంగుళం దూరంలో శుభ్రమైన దారంతో కట్టి కత్తిరించి, చివర అయోడిన్ రాయండి.

9. ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

- అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే
- లోపల పిల్లలుండి రెండు గంటలు దాటినా ఇంకోటి పుట్టకపోతే
- మొదటి పిల్ల పుట్టకముందే ఆకుపచ్చ ద్రవం వస్తే
- వేడి తగ్గి ఒక రోజు గడిచినా నొప్పులు రాకపోతే
- రక్తం ఎక్కువగా పోయినా, తల్లి సొమ్మసిల్లినా
- 72 రోజులు దాటినా ఈనకపోతే

వీటిలో ఏది కనిపించినా బయల్దేరండి, దారిలో ఫోన్ చేయండి. ఎవరో వచ్చి నొప్పుల ఇంజెక్షన్ వేస్తానంటే పరీక్ష చేయకుండా వేయనివ్వకండి. పిల్ల అడ్డం తిరిగి ఉన్నప్పుడు ఆ మందు వేస్తే గర్భసంచి చిరిగిపోవచ్చు. పగ్ వంటి మూతి పొట్టి కుక్కలకు ఆపరేషన్ అవసరం తరచుగా పడుతుంది, వాటి యజమానులు ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

10. తర్వాతి వారాలు

పుట్టిన పిల్లలు మొదటి రోజే జున్నుపాలు తాగాలి, వాటిలోనే రోగాలను తట్టుకునే శక్తి ఉంటుంది. మొదటి వారం పెట్టె లోపల 85 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనం కావాలి. పిల్లలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. చల్లబడిన పిల్లకు పాలు పట్టకండి, ముందు మెల్లగా వెచ్చబెట్టండి. రోజూ తూచండి. వారం పది రోజుల్లో పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి. దాదాపు రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి. నులిపురుగుల మందు రెండో వారం నుంచి, టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతాయి. రేబిస్ టీకా మూడు నెలలకు.

ఈనాక మొదటి నాలుగు వారాలు తల్లిని గమనిస్తూ ఉండండి. ఆయాసం, బిగుసుకుపోయిన నడక, వణుకు కనిపిస్తే కాల్షియం పడిపోయినట్టే. పిల్లలను పక్కకు తీసి గంటలోపు దవాఖానకు చేర్చండి. సిరలోకి నెమ్మదిగా ఎక్కించే మందుతో కోలుకుంటుంది. చిన్న జాతుల్లో, ఎక్కువ పిల్లలున్న తల్లుల్లో ఇది ఎక్కువ.

ఎనిమిది వారాలు నిండకుండా పిల్లలను తల్లి నుంచి విడదీయకండి. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం నియమాలు కూడా అంతకంటే చిన్న పిల్లలను అమ్మకూడదనే చెబుతున్నాయి. అమ్మకానికి పిల్లలను పుట్టించేవాళ్లు తల్లికి 18 నెలలు నిండాకే జత కట్టించాలని కూడా వాటిలో ఉంది.

పుట్టిన ప్రతి పిల్లకూ ఇల్లు దొరుకుతుందని నమ్మకం లేకపోతే, పిల్లలు పాలు మరిచాక తల్లికి ఆపరేషన్ చేయించండి. అలా చేస్తే వీధిలో పడే పిల్లలు తగ్గుతాయి, తల్లికి చీము పట్టే ప్రమాదమూ తప్పుతుంది. మీ కుక్క ఎదలో ఉంటే ఈ రోజే క్యాలెండరు మీద తేదీ రాయండి, ఈ రోజే దవాఖానకు ఫోన్ చేసి స్కానింగ్ ఎక్కడ చేస్తారో కనుక్కోండి.